తల్లి యెదయే కుంపటి

పసుపు త్రవ్వు పుష్యమాఘములలో మా కమ్మర్‌పల్లి యందు చలి మెండు. అప్పుడు పుట్టిన బిడ్డ యొడలు చల్లబడినచో పెద్దలు అరికాళ్లకు శొంఠిపొడి రుద్దుదురు. మంచము చెంత నిప్పుల కుంపటి నుంతురు. వేడినీట స్నానము చేయింతురు. ఇవి ప్రేమతో జేయు పనులే. కాని వీని ఫలమును విచారింపవలసియున్నది.

శొంఠి లేతచర్మమును మండించునే కాని లోని వేడిని పెంచదు. మూసిన గదిలో బొగ్గులనుండి పుట్టు విషవాయువునకు వాసన లేదు. నిద్రలోనే తల్లీబిడ్డల ప్రాణములు తీయగలదు. స్నానపు తడి యారుచు ఒంటివేడిని గొనిపోవును. అందుచేతనే తొలిస్నానమును 24 గంటలు ఆపుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

మరి యేమి చేయవలయును? 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, శిశువులను వెచ్చగా నుంచు పెట్టెలు చాలనందున, ఎడ్గార్ రే అను వైద్యుడు తక్కువ బరువుతో బుట్టిన శిశువులను తల్లుల రొమ్ములపై నుంచు పద్ధతి నారంభించెను. అదియే నేడు లోకమంతట వ్యాపించినది. బిడ్డను పొడిగా తుడిచి, తలకు కుళ్లాయి పెట్టి, వంటిపై బట్ట లేకుండ తల్లి రొమ్మున కానించి, ఇరువురిపై దుప్పటి కప్పవలెను. తరచుగా పాలీయవలెను. తల్లికి వీలుకానిచో తండ్రియైనను అమ్మమ్మయైనను అట్లు హత్తుకొనవచ్చును.

శిశువు వేడి 36.5 డిగ్రీల సెల్సియసుకు తగ్గరాదు. 32కు తగ్గినచో ప్రాణాపాయము. బిడ్డ పాలు త్రాగక మందముగా నున్నచో లోపల రోగముండవచ్చును. రొమ్మున నానించుకొనియే 108 బండిలో ఆసుపత్రికి కొనిపోవలెను.

బాలింత పెద్దలయెదుట నోరు విప్పజాలదు. అత్తలారా! మీరే బిడ్డను తీసి యామె యెదకు జేర్పుడు.