తొమ్మిది ఊళ్లు వద్దు, తంజావూరు చాలు

వేసవి సెలవుల్లో పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్దామన్న చర్చ ధర్మపురిలోని మా తెలుగు బడిలో ఏటా మార్చిలో మొదలవుతుంది. ఆరేళ్ల క్రితం మూడు రోజుల్లో తొమ్మిది ఊళ్లు చూపించాం. పొద్దున ఒక గుడి, మధ్యాహ్నం ఒక ఆనకట్ట, రాత్రికి ఇంకో ఊరు. తిరిగొచ్చాక ‘మా విహారయాత్ర’ అని వ్యాసం రాయమంటే సగం మంది బస్సులో వేసిన సినిమా గురించి రాశారు. తప్పు పిల్లలది కాదు, మాది.

ఈసారి పద్ధతి మార్చాం. అందుకు కారణం మా పాత విద్యార్థి ఒకడు. విదేశంలో ఉద్యోగం చేస్తున్నాడు. స్నేహితులంతా కలిసి ఇటలీ వెళ్లి, వారం రోజులూ ఫ్లోరెన్స్‌లోనే ఉన్నామని చెప్పాడు. "రోమ్, వెనిస్ చూడలేదా?" అని అడిగితే "ఒక్క ఊరు నిదానంగా చూద్దామనుకున్నాం సార్. పొద్దున ఒక మ్యూజియం, సాయంత్రం నది ఒడ్డున నడక, అంతే" అన్నాడు. ఫ్లోరెన్స్ మా జేబుకు అందదు. కానీ రాజులు కళలనూ పుస్తకాలనూ పోషించిన ఊరు, పక్కనే నది ఉన్న ఊరు, పైగా మన భాషకు ఇల్లుగా నిలిచిన ఊరు మన రాష్ట్రంలోనే ఉంది కదా! తంజావూరులో నాలుగు రోజులు ఉందామని తీర్మానించాం.

పంతొమ్మిది మంది పిల్లలు, పదకొండు మంది తల్లిదండ్రులు, ఇద్దరు అవ్వలు, నలుగురు ఉపాధ్యాయులం. మే నెలలో నరసింహ జయంతి కలిసొచ్చేలా బయల్దేరాం. ఆ తిథి ఎందుకో ముందు ముందు చెబుతాం.

కావేరి వెంటే

బస్సు ఎక్కిన గంటకే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "సార్, బస్టాండులో తెలుగు మాట్లాడితే ‘ఆంధ్రావా?’ అంటారు. మా తాత పుట్టింది ఇక్కడే, మా తాతకు తాత పుట్టిందీ ఇక్కడేనట. మరి మనం ఎక్కడివాళ్లం?" వెంటనే జవాబు చెప్పలేదు. "నాలుగు రోజులు ఆగమ్మా" అన్నాం.

తంజావూరు దగ్గర తిరువైయారులో కావేరిని చూడగానే పిల్లలు గుర్తుపట్టలేకపోయారు. వాళ్లకు తెలిసిన కావేరి మన హొగెనకల్‌లో రాళ్లమీద నుంచి దూకి పొగలా లేస్తుంది. అందులో పుట్టి ఎక్కి తిరగడమే వాళ్లకు సరదా. అదే నది మేట్టూరు ఆనకట్టలో ఆగి, మైదానంలో పాయలుగా చీలి, ఇక్కడికొచ్చి వరి పండిస్తోందని చెబితే ఆశ్చర్యపోయారు. "అంటే మనూరి నీళ్లే వీళ్లకూ!" అన్నాడొకడు.

ఆ ఒడ్డునే త్యాగరాజస్వామి సమాధి. 1767లో తిరువారూరులో పుట్టి 1847 దాకా జీవించిన ఆయన తమిళనేల వదిలి కాపురం ఉండలేదు. అయినా పాటలు కట్టింది ఎక్కువగా తెలుగులో. ఏటా పుష్య బహుళ పంచమినాడు ఇక్కడ పాడే పంచరత్న కీర్తనల్లో మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. పాడేవారిలో ఎందరికో తెలుగు మాతృభాష కాదు. సమాధికి గుడి కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ. ఆరాధనలో ఆడవాళ్లూ పాడాలని పోరాడిందీ ఆమే. ఆమె సమాధి కూడా అక్కడే ఎదురుగా ఉంది. అవ్వలిద్దరూ అక్కడ చాలాసేపు కూర్చుండిపోయారు. తొందరేమీ లేదు కాబట్టి మేమూ కూర్చున్నాం. ఆ తర్వాత తిరువైయారు అశోక హల్వా తిన్నాం. దాన్ని పెసరపప్పుతో చేస్తారని తెలిసి ఒక అమ్మ పుస్తకంలో రాసుకుంది.

నీడ పడుతుందా, పడదా?

రాజరాజ చోళుడు కట్టించిన పెద్ద గుడి 1010లో పూర్తయింది. 200 అడుగులకు పైబడిన విమానం దానిది. దాని నీడ నేలమీద పడదని అందరూ చెబుతారు. మా పాఠాల్లో మేమూ ఒకప్పుడు అలాగే చెప్పాం. గంటసేపు చూసి వెళ్లిపోయేవాళ్లు ఆ మాట నమ్మి వెళ్లిపోతారు. మాకు నాలుగు రోజులు ఉన్నాయి. పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం ఐదింటికి ఒకసారి వెళ్లాం. పొద్దున నీడ గుడి వెనకవైపు, సాయంత్రం ముందువైపు ప్రాంగణంలో చక్కగా పరుచుకుంది. పిల్లలు అడుగులతో కొలిచారు. నడిమధ్యాహ్నం సంగతి తేల్చడానికి సత్రం పెరట్లో కర్ర పాతి చూశారు. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి నీడ కర్ర మొదట్లోకి ముడుచుకుంది. అంత వెడల్పు పునాది ఉన్న విమానానికి ఆ వేళ నీడ బయటికి రాదని తొమ్మిదో తరగతి పిల్లవాడే వివరించాడు. మేం తరగతి గదిలో ఇంత బాగా చెప్పలేదు.

గుడి ముందున్న పెద్ద నంది, దాని మండపం నాయక రాజుల కాలం నాటివి. గోడల మీద మరాఠీ శాసనం ఉంది, పునాది చుట్టూ తమిళ శాసనాలు ఉన్నాయి. ఒక్క గుడిలో ఇన్ని భాషలవాళ్లు పని చేశారని పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టారు.

కోటలో మన అక్షరం

మూడో రోజు పొద్దున కోటకు వెళ్లాం. 1532 నుంచి 1673 దాకా తంజావూరును ఏలిన నాయకులు తెలుగువాళ్లు. రఘునాథ నాయకుడు తానే కవి, సంగీత విద్వాంసుడు. చేమకూర వేంకటకవి ‘విజయవిలాసం’ ఆయనకే అంకితం. ఇప్పటి వీణకు ఇరవై నాలుగు మెట్లు స్థిరపడింది ఆయన కాలంలోనేనని సంగీత చరిత్ర చెబుతుంది. ఆయన కొడుకు విజయరాఘవుడు యక్షగానాలు రాశాడు. ఆ ఆస్థానంలోనే రంగాజమ్మ ‘మన్నారుదాస విలాసం’ రాసింది.

పిల్లల్ని ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ తర్వాతి కథ. నాయకుల తర్వాత మరాఠా రాజులు వచ్చారు. వాళ్ల ఇంటి భాష మరాఠీ, ప్రజల భాష తమిళం. అయినా షాహాజీ మహారాజు ‘పల్లకి సేవా ప్రబంధం’ తెలుగులో రాశాడు. వాళ్ల కొలువులోనే ముద్దుపళని తెలుగు కావ్యం చెప్పింది. నాయకుల నాటి పుస్తక భాండారాన్ని రెండో శరభోజి ఎంతో పెంచాడు. అదే నేటి సరస్వతీ మహల్ గ్రంథాలయం. సంస్కృతం, తమిళం, మరాఠీలతో పాటు తెలుగు తాళపత్రాలు కూడా వందల సంఖ్యలో అందులో ఉన్నాయి.

అక్కడి మ్యూజియంలో పిల్లలు మనిషి ముఖాన్నీ జంతువు ముఖాన్నీ పోల్చి గీసిన పాత ఫ్రెంచి బొమ్మలు చూసి నవ్వుకున్నారు. అవ్వలకు అక్కడి తమిళ బోర్డులు చదివి వినిపించింది మా పిల్లలే. 2006 నాటి చట్టం వల్ల మన పిల్లలు ఒకటో తరగతి నుంచే తమిళం చదువుతున్నారు. పరీక్షల భారం గురించి మనకు దిగులు ఉంది, అది న్యాయమైన దిగులే. కానీ ఆ రోజు ఆ తమిళమే వాళ్లకు తెలుగు చరిత్ర చదివిపెట్టింది. అది కూడా చెప్పుకోవాలి.

ఇంట్లో తమిళం, వేదిక మీద తెలుగు

నరసింహ జయంతికి కారణం మెలట్టూరు. తంజావూరుకు దగ్గర్లోనే ఉన్న ఊరు. అచ్యుతప్ప నాయకుడు కళాకారుల కుటుంబాలకు దానంగా ఇచ్చాడని చెబుతారు. ఏటా ఈ పండుగకు అక్కడ భాగవత మేళం ఆడతారు. మెలట్టూరు వేంకటరామ శాస్త్రి తెలుగులో రాసిన ‘ప్రహ్లాద చరిత్ర’ రాత్రి మొదలై తెల్లవారుజాము దాకా సాగుతుంది. ఆడవేషాలు కూడా మగవాళ్లే కడతారు. నరసింహుడి ముఖతొడుగును దేవుడిగా పూజిస్తారు.

మధ్యాహ్నం నిద్రపోయి వెళ్లాం కాబట్టి చిన్నపిల్లలు కూడా చాలాసేపు మేలుకున్నారు. పాటల్లో కొన్ని మాటలు కష్టమనిపించినా కథ అందరికీ అందింది. లీలావతి ఏడుస్తుంటే మా అవ్వ ఒకామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. విరామంలో పక్కనున్న పెద్దాయన "ఆంధ్రా నుంచి వచ్చారా?" అని తమిళంలో అడిగారు. బస్సులో ప్రశ్న వేసిన అమ్మాయే తమిళంలో బదులిచ్చింది: "లేదు తాతా, ధర్మపురి. మేం తెలుగు బడిలో చదువుతాం." ఆయన మురిసిపోయి, తమ ఇంట్లో మాట్లాడేది తమిళమేననీ, నాటకంలోని తెలుగు మాత్రం తండ్రి నోట విని నేర్చుకున్నామనీ చెప్పారు. ఆ అమ్మాయి మావైపు చూసింది. ఇక మేం జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు.

వెళ్లాలనుకునే బడులకు

మా అనుభవంలో పనికొచ్చినవి ఇవి. నాలుగు రోజులూ ఒకే బసలో ఉండండి, రోజూ మూటలు కట్టే పని తప్పుతుంది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అంతకుమించి పెట్టుకోవద్దు. మే ఎండలో పదకొండు నుంచి నాలుగు దాకా విశ్రాంతి తప్పనిసరి. ఒక పూట ఏ కార్యక్రమమూ లేకుండా వదిలేయండి. మా పిల్లలు ఆ పూట పనసచెక్కతో వీణ చేసే చోటుకెళ్లి రెండు గంటలు చూశారు. అవ్వల్నీ తాతల్నీ తప్పక తీసుకెళ్లండి. పిల్లలు ప్రశ్నలు ఎక్కువగా అడిగింది వాళ్లనే. ఒకే ఊరు కావడంతో బస్సు ఖర్చు పాత యాత్రలో సగానికి తగ్గింది.

అంతా మారిపోయిందని చెప్పం. మాతో వచ్చిన తండ్రుల్లో ఇద్దరు జూన్‌లో టీసీ తీసుకుని పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో చేర్చాలని ముందే అనుకున్నారు. ఒకరు ఆగిపోయారు. ఇంకొకరు తీసుకునే వెళ్లారు. ఆయన కష్టం మాకు తెలుసు, కాదనలేదు. కానీ వెళ్తూ వెళ్తూ "శనివారాలు పంపిస్తాను సార్, తెలుగు చదవడం మరిచిపోకూడదు" అన్నారు. ఇప్పుడు ఆ పిల్లవాడు వారం వారం వస్తున్నాడు.

బడి తెరిచిన మొదటి వారంలో మళ్లీ వ్యాసం రాయించాం. ఈసారి బస్సులో వేసిన సినిమా గురించి ఎవరూ రాయలేదు. ఎనిమిదో తరగతి నుంచి తొమ్మిదికి వచ్చిన ఆ అమ్మాయి వ్యాసం మా స్టాఫ్ రూమ్ గోడకు అంటించాం. అందులో మొదటి వాక్యం: ‘మాది ధర్మపురి, మా నది కావేరి, మా ఇంట్లో తెలుగు.’