మాట ఆగిన చోట గిటారు

రాక్ సంగీతము వినబడగానే రేడియో ధ్వనిని తగ్గించుట అనేక గృహములలో పెద్దలకు అలవాటు. పాట సాగునంతవరకు ఓర్చుకొన్నవారు సయితము, గాయకుడు ఆగి గిటారు ఒంటరిగా అందుకొనగానే ఇక చాలునందురు. కాని ఆ సంగీతమును ప్రేమించువారు పాట ఆరంభమైనది మొదలు ఎదురుచూచునది తరచుగా ఆ ఘట్టము కొరకే. ఒకరికి రొదయైనది మరియొకరికి పాటకు ప్రాణమెట్లయినది? ఈ ప్రశ్నకు సమాధానము అభిరుచిలో కొంత, వినుటలోని అలవాటులో కొంత కలదు. అలవాటు మార్చుకొనదగినది. కనుక దానిని గురించియే ఇచట ముచ్చటింతము.

గాయకుని గొంతు విరమించి, తక్కిన వాద్యములు లయను, స్వరాధారమును పట్టి నిలిపియుండగా, ఒక్క గిటారు ముందునకు వచ్చి చేయు ప్రసంగమునకు సోలో అని పేరు. మన కచేరీలలోని మనోధర్మ భాగమునకు ఇది దూరపు బంధువు. అయితే మన విద్వాంసునకు అరగంట యైనను అవకాశముండును. రాక్ గిటారిస్టునకు లభించునది సాధారణముగా అరనిమిషము; మహాభాగ్యముగా రెండు నిమిషములు. ఆ కొద్దికాలములో ఆరంభము, పెంపు, శిఖరము, ముగింపు అన్నియు అమరవలెను.

ముందుగా వాద్యమును గురించి రెండు మాటలు. విద్యుత్ గిటారునకు బోలుగానుండు పొట్ట అవసరము లేదు. దాని ఉక్కు తీగల క్రింద అయస్కాంతములు, వాటి చుట్టును సన్నని రాగితీగ వేలకొలది చుట్లుగా చుట్టబడి యుండును. తీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రము చలించి చుట్టలో విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొనిన సూత్రమే ఇచట పాటగా మారుచున్నది. ఆ స్వల్ప విద్యుత్తును ఆంప్లిఫయరు పెంచి లౌడు స్పీకరునకు పంపును. 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టరు గిటారును రూపొందించిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేయు దుకాణము నడిపినవాడు. స్వయముగా గిటారు వాయించుట ఎరుగడు. రేడియోకును, ఈ వాద్యమునకును గల చుట్టరికము అంత దగ్గరిది.

వాల్వులతో పనిచేసిన పాత రేడియో సెట్టులో ధ్వనిని తుదివరకు పెంచినచో పాట బొంగురుపోవుట పలువురకు తెలిసినదే. వాల్వు తన శక్తికి మించిన పని చేయవలసి వచ్చినపుడు ధ్వనితరంగముల శిఖరములు తెగిపోయి, మూలములో లేని క్రొత్త స్వరాంశములు అందు చేరును. రేడియోలో ఇది దోషము. గిటారు వాయించువారు ఈ దోషమునే గుణముగా చేసికొనిరి. 1961లో వెలువడిన మార్టీ రాబిన్స్ పాట యొకదానిలో, రికార్డింగు పరికరము చెడిపోయి గిటారు ధ్వని గరగరలాడగా, దానిని తీసివేయక అట్లే ఉంచిరి. 1964లో కింక్స్ బృందమునకు చెందిన డేవ్ డేవిస్ తన స్పీకరులోని కాగితపు శంకువును బ్లేడుతో కోసి ఆ గరగరను కావలెనని రప్పించెను. బొంగురు ధ్వనిలో మరియొక లాభము కూడ కలదు. మామూలు గిటారుపై మీటిన స్వరము కొలది క్షణములలో అణగిపోవును. ఇచట అది గొంతువలె, వయొలిన్‌వలె చాల సేపు నిలుచును. నిలుచు స్వరము దొరకిన నాడు గిటారునకు పాడుట సాధ్యమైనది.

పాడుటకు స్వరము నిలిచిన చాలదు, వంగవలెను. ఈమని శంకరశాస్త్రిగారి వీణను ఆకాశవాణిలో వినినవారికి దీనిని వివరింప నక్కరలేదు. మెట్టుపైనుండు తంత్రిని ప్రక్కకు లాగి, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారు గమకము మనకు సుపరిచితము. గిటారిస్టులు చేయునదియు అదియే. అమెరికా నీగ్రో జాతివారి బ్లూస్ సంగీతములో ఈ విద్య పండినది. దానికి పెద్ద గురువు బి. బి. కింగ్. మెంఫిస్ నగరములోని డబ్ల్యు.డి.ఐ.ఏ. రేడియో కేంద్రములో అతడు పాటలు వినిపించుచు, మాటలాడుచు పేరు తెచ్చుకొనెను, బి. బి. అను పొట్టి పేరు సయితము ఆ రేడియో నాటి బిరుదమునుండి వచ్చినదే. అతడు పాడునపుడు వాయింపడు, వాయించునపుడు పాడడు. ఒకే మనిషి రెండు గొంతులతో సంభాషించినట్లుండును. రాక్ సోలోకు మూలసూత్రమిదియే.

ఇక వినదగిన కొన్ని ఉదాహరణములు. మొదటిది 1958లో చక్ బెర్రీ పాడి వాయించిన జానీ బి. గుడ్. దాని ఆరంభములో గాయకుని కంటె ముందుగా గిటారు పలుకును. రెండు తీగలను ఒకేసారి మీటుచు, పరుగెత్తు బండివలె సాగు ఈ పలుకు పూర్తిగా అతని సొంతము కాదు. 1946 నాటి లూయీ జోర్డన్ బృందపు పాటలో కార్ల్ హోగన్ అను గిటారిస్టు వాయించిన దానికి ఇది ప్రతిధ్వని. విన్నదానిని తనదిగా చేసికొని, దానికి క్రొత్త వేగమిచ్చుటయే బెర్రీ ఘనత. 1977లో అంతరిక్షమునకు పంపిన వాయేజర్ నౌకలలోని బంగారుపూత రికార్డులో ఈ పాటయు, మన కేసర్‌బాయి కేర్కర్ ఆలపించిన భైరవియు ప్రక్కప్రక్కల ప్రయాణము చేయుచున్నవి. మన ఇంటిలో ఈ రెంటికి పొత్తు కుదరదనువారు ఈ సంగతిని ఒకమారు తలచుకొనవలెను.

రెండవది 1968లో జిమీ హెండ్రిక్స్ వాయించిన ఆల్ ఎలాంగ్ ది వాచ్‌టవర్. పాట బాబ్ డిలన్‌ది. మామూలు గిటారు, నోటితో వాయించు హార్మోనికాలతో 1967లో క్లుప్తముగా పాడినది. హెండ్రిక్స్ దాని నడుమ నాలుగు అంగములు గల సోలోను నిర్మించెను. మొదటిది నేరుగా పాడును. రెండవదానిలో స్వరములు తీగపై నున్నగా జారి, ప్రతిధ్వనులతో దూరమునుండి వచ్చినట్లుండును. మూడవదానిలో కాలితో త్రొక్కు సాధనముచే గిటారు నోరు తెరచి మూసినట్లు అచ్చులు పలుకును. నాలుగవదానిలో స్వరముల గుంపులను లయబద్ధముగా కొట్టి గాయకునికి పాటను తిరిగి అప్పగించును. నాలుగు గదుల ఇల్లు చూచి వచ్చినట్లుండును. తరువాతి కాలములో డిలన్ సయితము కచేరీలలో ఈ పాటను హెండ్రిక్స్ బాణీకి దగ్గరగానే వినిపించెను. ఎడమచేతి వాటము గల హెండ్రిక్స్ కుడిచేతివారి గిటారును తలక్రిందులు చేసి వాయించెడివాడు. 1970లో ఇరువదియేడవ యేట మరణించెను.

తక్కిన రెండింటిని జంటగా వినుట మంచిది. వాటి నడుమ ఒక వివాదము కలదు. 1971లో లెడ్ జెపెలిన్ బృందము వెలువరించిన స్టెయిర్‌వే టు హెవెన్‌లో, ఎనిమిది నిమిషముల పాట ముగియుటకు రెండు నిమిషముల ముందు జిమ్మీ పేజ్ సోలో వచ్చును. అతడు అప్పటికప్పుడు మూడుమార్లు వాయించి, వాటిలో నొకదానిని ఎంచుకొనెను. 1979లో పింక్ ఫ్లాయిడ్ బృందము వెలువరించిన కంఫర్టబ్లీ నంబ్‌లో డేవిడ్ గిల్మర్ రెండవ సోలో అట్టిది కాదు. అతడు అయిదారు మారులు వాయించి, ఒక్కొక్కదానిలోని మంచి పలుకులను గుర్తుపెట్టి, వాటిని కూర్చి ఒకటిగా చేసెను. మొదటిది ఆశువు, రెండవది కూర్పు. కూర్చినదానిలో నిజాయతీ లేదని కొందరందురు. కాని కవి కొట్టివేసి తిరిగి వ్రాసిన పద్యమును మనము అబద్ధమనుట లేదు గదా! గిల్మర్ వేగమును చూపడు. ఒక్క స్వరమును లాగి, నిలిపి, వణికించి, తరువాతి స్వరమునకు చోటు విడుచును. ఆ ఖాళీలలోనే పాట దుఃఖము నిండియుండును.

ఈ ఆశువునకు వచ్చిన ఆపద మరియొక దిక్కునుండి వచ్చినది. రికార్డు ఒక క్షణమును శాశ్వతము చేయును. ఆ సోలో స్వరము స్వరముగా శ్రోతలకు కంఠపాఠమైన పిమ్మట, కచేరీలో వాయించువాడు దానిని మార్చినచో వారు నొచ్చుకొందురు. మార్చనిచో అది ఆశువు కాకపోవును. ఈ ముడి విడిపోవునది కాదు. ప్రతి వాయిద్యగాడు తన మట్టుకు తానొక సర్దుబాటు చేసికొనవలసినదే.

రేడియో పాత్రయు ఇచట తక్కువది కాదు. 1967లో డోర్స్ బృందపు లైట్ మై ఫైర్ అను పాట ఏడు నిమిషములకు పైబడినది. రేడియోలో వినిపించుటకై దానిని మూడు నిమిషములకు లోపుగా కత్తిరించిరి. కత్తెరకు ఆహుతియైనది మాటలు కావు. నడుమనుండిన ఆర్గన్, గిటారుల సోలోలు. మాటలున్నది పాట, మాటలు లేనిది మిగులు అను లెక్క అది. ఎనిమిదేండ్లకు క్వీన్ బృందము బొహీమియన్ రాప్సొడీ అను ఆరు నిమిషముల పాటను రేడియోకు పనికిరాదను హెచ్చరికలను వినియు కుదింపక వెలువరించెను. లండను రేడియోలో కెన్నీ ఎవరెట్ అను ప్రసారకుడు దానిని ఒక వారాంతములో పదునాలుగు మారులు వినిపించెను. అది బ్రిటనులో తొమ్మిది వారములు అగ్రస్థానమున నిలిచినది. అందలి సోలో వాయించిన బ్రయన్ మే గిటారు అతడును తండ్రియు కలిసి ఇంటిలో చేసికొన్నది; దాని మెడను పాత నిప్పుగూటి దూలమునుండి చెక్కిరి. ఆ సోలో గాయకుని రాగమును తిరిగి అనదు. దానికి జవాబుగా తనదైన రాగమును పాడి, తరువాతి ఘట్టమునకు తలుపు తీయును.

మంచి సోలోను తెలిసికొనుటకు ఇదియే గురుతు. తీసివేసి చూడుడు. తీసివేసినను పాట చెక్కుచెదరనిచో అది అలంకారము. తీసివేయగా పాటలో నేదియో చెప్పక మిగిలిపోయినట్లు తోచినచో అది పాటలోని చరణమే. మాటలు లేని చరణము. వేగము నేర్పునకు సాక్ష్యమగును గాని, భావమునకు సాక్ష్యము కాదు.

క్రొత్తగా వినువారు ఒక పని చేయవచ్చును. మొదటిమారు గాయకుని చివరి మాట ఏదో గమనింపుడు. సోలో ఆ మాటనుండియే బయలుదేరును. రెండవమారు వాయించువాడు ఎచట ఊపిరి తీసికొనుచున్నాడో వినుడు. మూడవమారు గిటారును విడిచి, వెనుకనుండు మృదంగ స్థానీయములైన డ్రమ్ములను, మంద్రమున నడచు బేసు గిటారును వినుడు. ఒంటరియనుకొన్నవాడు ఒంటరి కాడని తెలియును. నాలుగవమారు వినుట మీ ఇష్టము.

ఇంటిలో పడుచువారు ఈ సంగీతము పెట్టినపుడు ధ్వని ఎక్కువైనచో కొంత తగ్గించుట న్యాయమే. కాని గాయకుడు ఆగిన ఆ క్షణమున మాత్రము రేడియోను కట్టివేయకుడు. మీ బిడ్డ ఎదురుచూచుచుండినది అప్పుడే మొదలగుచున్నది.