ఊరిలో ఎన్నాళ్ళు ఉండవచ్చు? గ్రీన్‌కార్డు ఉన్నవారికి పౌరసత్వపు లెక్క

సంక్రాంతికి ముందు వారంలో చెన్నై మీనంబాకం విమానాశ్రయంలో దిగే వృద్ధ దంపతులలో సత్యవేడు, నగరి, తడ, తిరుత్తణి ప్రాంతాల వారు ఎందరో ఉంటారు. కుమారుడో కుమార్తెయో అమెరికా పౌరులై, తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు తెప్పించి ఉంటారు. ఇక్కడ ఇల్లు, పొలము, మామిడితోట, అక్కడ మనుమలు. కొంతకాలం ఇక్కడ, కొంతకాలం అక్కడ గడుపుతూ, అయిదేళ్ళు నిండగానే పౌరసత్వం వస్తుందని వారు నమ్మి ఉంటారు. దరఖాస్తు చేసిన తరువాత అధికారి పాస్‌పోర్టు పుటలు తిప్పి తేదీలు అడిగినప్పుడు గాని, తమ లెక్కలో నిండిన ఏళ్ళు చట్టం లెక్కలో నిండలేదని తెలియదు.

భారతీయులకు ఆ పౌరసత్వం ఎన్నడూ సులభం కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు అందుకు అనర్హులని తీర్పు చెప్పింది. 1946 నాటి చట్టంతో గాని ఆ నిషేధం తొలగలేదు. నేడు మన పెద్దలను ఆపుతున్నది జాతి కాదు, ప్రయాణపు తేదీలు.

చట్టం రెండు లెక్కలు అడుగుతుంది. మొదటిది, దరఖాస్తుకు ముందు అయిదేళ్ళ పాటు నివాసం తెగకుండా ఉండాలి. రెండవది, ఆ అయిదేళ్ళలో కనీసం సగం, అనగా 913 దినాలు, ఆ గడ్డపై ఉండి తీరాలి. అమెరికా పౌరుని వివాహమాడి అతనితో కాపురమున్న మన ఆడబిడ్డలకు అయిదేళ్ళకు బదులు మూడేళ్ళు, ముప్పై నెలలకు బదులు పద్దెనిమిది నెలలు. ఒక లెక్క సరిపోయినంత మాత్రాన రెండవది సరిపోయినట్లు కాదు.

మన పండుగల వరుసలో చూస్తే ఈ సంగతి తేలికగా బోధపడుతుంది. జనవరి 10న అమెరికా విడిచి, సంక్రాంతి చేసుకొని, మే నెలలో గంగ జాతర చూసుకొని తిరిగి వెళ్ళినవారికి చిక్కు లేదు. ఆ ప్రయాణం ఆరు నెలల లోపలిదే. మామిడి కోతలు పూర్తయ్యేదాకా ఉందామని జూలై 10 దాటినారా, ఆరు నెలల హద్దు దాటినట్లే. అంతటితో నివాసం తెగిపోయిందని చట్టం ఊహిస్తుంది. తెగలేదని నిరూపించుకొనే భారం దరఖాస్తుదారునిదే. అక్కడ ఉద్యోగం వదలలేదనీ, ఇక్కడ ఉద్యోగంలో చేరలేదనీ, భార్యాబిడ్డలు అక్కడే ఉన్నారనీ, ఇల్లు తమ స్వాధీనంలోనే ఉందనీ కాగితాలు చూపవలసి ఉంటుంది. ఉద్యోగస్థులకు ఇది సాధ్యమే. దంపతులిద్దరూ ఊరికి వచ్చి, అక్కడ కుమారుని ఇంటిలో ఒక గది తప్ప మరేమీ లేని పెద్దలకు మాత్రం ఇది కష్టమని దాపరికం లేకుండా చెప్పాలి.

దసరా కూడా చూసుకొని, మళ్ళీ సంక్రాంతి వరకు ఉండి, ఒక సంవత్సరం నిండిందంటే ఇక ఊహలు, రుజువులు లేవు, నివాసం తెగినట్లే. అనారోగ్యం గాని, కోర్టు వ్యాజ్యం గాని, తల్లి మరణం గాని దీనికి మినహాయింపు తెచ్చిపెట్టవు. అమెరికా ప్రభుత్వం, అక్కడి కొన్ని సంస్థల పనిమీద విదేశంలో ఉండేవారు ఎన్-470 అనే ఫారం ద్వారా పొందే రక్షణ ఒకటి ఉన్నది గాని, ఊరికి వచ్చిన తల్లిదండ్రులకు అది వర్తించదు. ఆ విధంగా తెగినవారు తిరిగి చేరిన నాటి నుంచి నాలుగేళ్ళ ఒక దినానికి దరఖాస్తు చేయవచ్చు. అయితే వెనుకకు లెక్కించే అయిదేళ్ళలో పాత గైర్హాజరు ఇంకా ఆరు నెలలకు మించి మిగిలి ఉండి, పైన చెప్పిన రుజువుల బాధ మళ్ళీ ఎదురవుతుంది. నాలుగున్నరేళ్ళు దాటేదాకా ఆగితే ఆ బాధ ఉండదు.

అన్నిటికంటె ఎక్కువ మంది పొరబడేది రీ-ఎంట్రీ పర్మిట్ విషయంలో. ఐ-131 ఫారంతో, అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేసి పొందే పత్రమిది. సాధారణంగా రెండేళ్ళ వరకు చెల్లుతుంది. అది చేతిలో ఉంటే రెండేళ్ళు ఊరిలో ఉండవచ్చు, ఏమీ పోదు అన్న మాట మన పల్లెలలో బాగా ప్రచారంలో ఉన్నది. పోయేది ఒకటి ఉన్నది. పర్మిట్ రక్షించేది కార్డును మాత్రమే. పౌరసత్వపు గడియారాన్ని అది ఆపలేదు. పర్మిట్ మీద పదునాలుగు నెలలు ఇక్కడ ఉండి వెళ్ళిన మనిషిని విమానాశ్రయంలో లోపలికి రానిస్తారు. పౌరసత్వపు కార్యాలయంలో మాత్రం ఆయన నివాసం తెగినదే.

పర్మిట్ లేకుండా ఏడాది దాటితే కార్డుకే ముప్పు, దానితో విమానమెక్కే వీలుండదు. ఆలస్యం తమ చేతిలో లేని కారణం వల్ల జరిగిందని నిరూపించి, డీఎస్-117 ఫారంతో, తిరిగి వచ్చే నివాసుల వీసా అడగవలసి ఉంటుంది. జెమిని ఫ్లైఓవర్ పక్కన కాన్సులేట్ ఉన్నంత మాత్రాన ఈ పని అక్కడే అవుతుందనుకోరాదు. వలస వీసాల పని అన్ని కాన్సులేట్లలోను జరగదు. ముందుగా విచారించుకొని వెళ్ళాలి.

కరోనా కాలంలో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. 2020 మార్చిలో మన దేశంలో నిలిచిపోయిన అంతర్జాతీయ విమానాల నిత్య సర్వీసులు 2022 మార్చి 27న గాని తిరిగి మొదలు కాలేదు. నడుమ ప్రత్యేక విమానాలు నడిచినా, భయం వల్లనో అనారోగ్యం వల్లనో ఆగిపోయినవారు ఉన్నారు. అటువంటి కారణం కార్డును నిలుపుకొనడానికి పనికివస్తుంది. ఏడాది దాటిన నివాసాన్ని అది కూడా అతికించలేదు.

ప్రతిసారీ ఆరు నెలల లోపే తిరిగి వెళ్ళేవారు కూడా దినాలు లెక్క చూసుకోవాలి. ఏటా అయిదున్నర నెలలు, అనగా సుమారు 165 దినాలు ఇక్కడ గడిపితే అయిదేళ్ళకు 825 అవుతుంది. అక్కడ వెయ్యి దినాలు మిగులుతాయి, చాలును. ఏడాదికి రెండు పర్యాయాలు వచ్చి, మొత్తం ఏడు నెలలు ఇక్కడ ఉంటే అక్కడ మిగిలేవి ఏటా అయిదు నెలలే. అయిదేళ్ళకు 750 దినాలు దాటడం కష్టం, 913 ఎక్కడ?

దరఖాస్తు వేసిన పిదప కూడా ఈ నియమం వదలదు. ప్రమాణ స్వీకారం చేసేదాకా నివాసం తెగకూడదు గనుక, ఎన్-400 పంపి, ఇక పని అయిపోయిందని ఊరికి వచ్చి ఎనిమిది నెలలు ఉండిపోవడం తగదు. అట్లే, పన్ను తగ్గుతుందని ఎవరో చెప్పగా తాము అమెరికా నివాసులము కామని పన్ను పత్రం దాఖలు చేసినవారు, నివాసాన్ని తామే వదులుకొన్నట్లు వ్రాసి ఇచ్చినవారవుతారు.

ఒంటరిగా ప్రయాణించే పెద్దలకు మరొక జాగ్రత్త చెప్పాలి. ఎక్కువ కాలం ఇక్కడ ఉండి తిరిగి వెళ్ళినప్పుడు, విమానాశ్రయ అధికారి ఐ-407 అనే కాగితం ముందు పెట్టి సంతకం అడిగిన సందర్భాలు ఉన్నవి. అది గ్రీన్‌కార్డును తమంత తాము వదులుకొనే పత్రం. సంతకం చేయనక్కర లేదు. వలస న్యాయమూర్తి ఎదుట విచారణ కోరే హక్కు ఉన్నది. భాష రానివారు ఈ ఒక్క సంగతి ముందే తెలుసుకొని విమానమెక్కడం మేలు.

ఇంతకూ పౌరసత్వం అందరికీ అవసరమా? అది వచ్చిన నాడే మన పౌరసత్వం పోతుంది. 1955 నాటి మన చట్టం జంట పౌరసత్వాన్ని ఒప్పుకోదు. ఓసీఐ కార్డు తీసుకొంటే ఎన్నేళ్ళైనా ఊరిలో ఉండవచ్చు గాని ఓటు ఉండదు, కొత్తగా వ్యవసాయ భూమి కొనరాదు. ఇక్కడ ఉండగా కొన్నది, వారసత్వంగా వచ్చినది మాత్రం నిలుపుకోవచ్చు. తోబుట్టువులను పిలిపించుకోవాలన్నా, ఇకపై భయం లేకుండా ఏడాదికేడాది ఊరిలో గడపాలన్నా పౌరసత్వమే దారి. కనుక కొన్నేళ్ళు అక్కడ ఓపికగా ఉండి అది పొందినవారికి తరువాత స్వేచ్ఛ. మనసంతా పొలం మీదే ఉన్నవారు ఆ కార్డు కోసం ఏటా ప్రయాణాల అలసట పడడం ఎందుకో కుటుంబంలో కూర్చొని మాట్లాడుకోవాలి.

తేదీలు వ్రాసుకొనేటప్పుడు చెన్నైలో పడిన ముద్రను నమ్ముకోరాదు. అమెరికాలో బయలుదేరిన దినం, తిరిగి అక్కడ దిగిన దినం, ఈ రెండూ అక్కడ ఉన్న దినాలుగానే లెక్క. మన విమానాలు తరచు అర్ధరాత్రి దాటిన తరువాత కదులుతాయి గనుక, ఇంటిలో శుక్రవారం బయలుదేరామని గుర్తుపెట్టుకొన్న ప్రయాణానికి ముద్రపై శనివారం తేదీ పడి ఉంటుంది. బోర్డింగ్ పాసులను పాత పాస్‌పోర్టులతో కలిపి ఒకే సంచిలో దాచుకోవాలి.