మీకు తెలుసా? ఆకుల కుప్ప కింద ఎవరున్నారో!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ చెట్లను కుప్పకూల్చింది. సరిగ్గా దసరాకీ దీపావళికీ మధ్య, పెరళ్ళు ఊడ్చుకునే రోజులవి. ఏటా ఆ రోజుల్లో నగరంలోని కంబాలకొండ, సింహాచలం కొండల అంచు కాలనీల్లో, ఉక్కునగరం క్వార్టర్లలో ఆకుల కుప్ప కదిపితే జెర్రిపోతు జరజరా పాకిపోవడం మామూలే. దానికి విషం లేదు, ఎలుకలే దాని ముఖ్యమైన తిండి. పడగైనా లేని దాన్ని తాచనుకుని చంపేస్తారు, పాపం! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికీ రక్షణ ఇచ్చింది.

జాగ్రత్తపడాల్సింది రక్తపింజరితో. ఎండుటాకుల్లో కలిసిపోయి, అడుగు దగ్గరపడ్డా కదలదు. చేత్తో ఎత్తేముందు పొడవాటి కర్రతో కదపండి. కాటేస్తే గాట్లు, బిగింపు కట్లు వద్దు, నేరుగా ఆసుపత్రికే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ విరుగుడు ఇంజెక్షన్ ఒకటే.