చెస్ లీగ్: డ్రా చేసినా టీమ్ ఓడిపోతుందా? హంపి, హారిక ఆడిన లీగ్‌లో పాయింట్ల లెక్క ఇదీ..

కొల్లేటికోట నుంచి కైకలూరు దాటి ఇంకాస్త ముందుకెళ్తే గుడివాడ. గ్రాండ్‌మాస్టర్ కోనేరు హంపి పుట్టిన ఊరు అదే. చెస్ అంటే ఎవరి ఆట వాళ్లదే అనుకుంటాం కదా.. కానీ 2023 జూన్, జులైలో దుబాయ్‌లో జరిగిన గ్లోబల్ చెస్ లీగ్ తొలి సీజన్‌లో హంపి ఆడింది టీమ్ కోసం. పేరు ముంబా మాస్టర్స్. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారికదీ అదే టీమ్.

ఇంతకీ ఎలా ఆడతారంటే.. టీమ్‌కి ఆరుగురు. అందులో ఇద్దరు మహిళలు, ఒకరు 21 ఏళ్లలోపు ప్లేయర్. ఒక టీమ్ మొత్తానికి తెల్ల పావులు, రెండో టీమ్‌కి నల్లవి. తెల్లతో గెలిస్తే 3 పాయింట్లు, నల్లతో గెలిస్తే 4. డ్రా అయితే చెరొకటి. మొదటి ఎత్తు తెల్లవాళ్లది కాబట్టి నల్లతో గెలవడం కష్టం, అందుకే ఆ ఒక్క పాయింట్ ఎక్కువ.

ఈ ఒక్క పాయింట్‌తోనే వస్తుంది అసలు చిక్కు. ఉదాహరణకి ఐదు గేమ్‌లు అయిపోయాయి అనుకోండి. తెల్ల టీమ్ ఒకటి గెలిచింది, నల్ల టీమ్ ఒకటి గెలిచింది, మూడు డ్రా. చూడ్డానికి సమానమే. లెక్కేస్తే తెల్లకి 6, నల్లకి 7! ఆరో బోర్డు మీద తెల్లతో ఆడుతున్న ప్లేయర్ హాయిగా డ్రా చేసుకుందామంటే 7-8తో మ్యాచ్ పోయినట్టే. గెలిస్తేనే 9-7. అందుకే సేఫ్ పొజిషన్ వదిలేసి రిస్క్ చేయాలి. సొంత టోర్నీలో అయితే ఎవరూ ఆడని ఎత్తు ఇక్కడ ఆడాల్సి వస్తుంది.

ఇందులో నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. హంపి గెలిచినా, హారిక గెలిచినా వచ్చే పాయింట్లు అదే టీమ్‌లోని గ్రిష్చుక్, విదిత్ గెలిస్తే వచ్చినన్నే. మహిళల బోర్డు అని తక్కువేం లేదు.

ముంబా మాస్టర్స్ ఫైనల్ దాకా వెళ్లింది. అక్కడ ప్రత్యర్థి త్రివేణి కాంటినెంటల్ కింగ్స్. మ్యాచ్‌లతో తేలలేదు, టైబ్రేక్, సడన్ డెత్ దాకా పోయింది. చివరికి కుర్రాళ్ల బోర్డు మీద 19 ఏళ్ల డెన్మార్క్ ప్లేయర్ జోనాస్ బెర్రె, ముంబా ఆటగాడు 17 ఏళ్ల సిందరోవ్‌ని ఓడించాడు. ఆ ఒక్క గేమ్‌తో టైటిల్ త్రివేణికి, రన్నరప్‌గా హంపి, హారికల టీమ్.