బందరు పత్రికలో కళావిమర్శ

ఉయ్యూరు చెంతనున్న కాటూరున జన్మించిన కవి కాటూరి వెంకటేశ్వరరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారి అనంతరము కృష్ణాపత్రికకు సంపాదకులైరి. 1902లో బందరున వెలసిన ఆ పత్రికను 1907 మొదలు 1945 వరకు నడపిన కృష్ణారావుగారు, స్వరాజ్యముతోపాటు సాహిత్య సంగీత నాట్యములును జాతికి ప్రాణములని యెంచి, ‘దర్బారు’ అను తమ గోష్ఠియందు కవిగాయకులకు సముచితస్థాన మొసగిరి. తెలుగు టాకీ యింకను శైశవమందున్న 1930ల దశకములో ఆ పుటలయందే చిత్రసమీక్షలు వ్రాసిన బందరు యువకుడు కమలాకర కామేశ్వరరావు, పిదప తానే దర్శకుడై ‘చంద్రహారం’ (1954), ‘నర్తనశాల’ (1963) తెరకెక్కించెను. దోషమెంచువాడు సృజింపనేరడను అపవాదు ఆయనయెడ వ్యర్థమయ్యెను.

స్థానిక నాటకసమీక్షకుని కష్టము వేఱు. తాను తప్పుపట్టిన నటుడు మఱునాడే బజారులో ఎదురగును. వాని మేనమామ తనకు చిరకాలమిత్రుడై యుండును. ఆ మొగమాటముచేతనే మన యూళ్ల సమీక్షలు తఱచు అభినందనపత్రములుగా మాఱుచున్నవి. ఇది కళాకారునకే అన్యాయము. కూచిపూడివారి ఆటలు చూచి పెరిగిన ఈ ప్రాంతపు ప్రేక్షకుడు అభినయలోపమును ఇట్టే పసిగట్టును. వానియెదుట శుష్కప్రశంస నిలువదు. ఏ పద్యము రక్తికట్టెనో, ఏ రంగము సడలెనో, హార్మోనియము గాత్రము నెచ్చట మ్రింగివేసెనో సహేతుకముగా వ్రాయువారు ఉయ్యూరునకు నేడును కావలెను.