ఎడారిలో ఊట కొలను

పిల్లలు టెక్సాస్‌లో ఉంటే, వాళ్ళ దగ్గరికి వెళ్ళిన తల్లులు చూసే చోట్లు దాదాపు ఒకటే. పియర్‌లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడి, గాల్వెస్టన్ సముద్రం, హ్యూస్టన్‌లో నాసా, ఆ తర్వాత షాపులు. పడమటి టెక్సాస్ మాటెత్తితే, "అక్కడేముంది, ఎడారేగా!" అనేస్తారు. ఎడారే, కాదనను. కానీ ఆ ఎడారిలోనే బాల్మొరే అనే చిన్న ఊరికి నాలుగు మైళ్ళ దూరంలో, ఎకరానికి పైబడిన ఊటనీటి కొలను ఒకటుంది. దాని పక్కనే గుడారం వేసుకుని ఉండొచ్చు.

మేముండేది హ్యూస్టన్‌లో. అక్కణ్ణించి ఐ-10 రోడ్డు పట్టుకుంటే దాదాపు తొమ్మిది గంటల ప్రయాణం. శాన్ ఆంటోనియో దాటాక ఊళ్ళు పలచబడిపోతాయి, పెట్రోలు బంకులు కూడా. సగం ట్యాంకు ఉండగానే నింపుకోవడం మంచిది.

కొలను శాన్ సాలమన్ ఊటల మీదే కట్టారు. అమెరికాలో ఆర్థిక మాంద్యం రోజుల్లో నిరుద్యోగ యువకులకు పని కల్పించడానికి పెట్టిన సి.సి.సి. అనే ప్రభుత్వ పథకం కింద, 1930ల్లో మొదలైన పని ఇది. అడుగున చాలాచోట్ల సిమెంటు లేదు. రాళ్ళూ గులకలే. ఒకచోట 25 అడుగుల లోతుంటుంది, అయినా అడుగున చేపలు కనిపిస్తాయి. రోజుకి సుమారు కోటిన్నర గ్యాలన్ల నీళ్ళు కిందనుంచి పైకి వచ్చి, కాలవల్లోంచి పొలాలకు వెళ్ళిపోతుంటాయి. నీళ్ళు ఎప్పుడూ మారిపోతూనే ఉంటాయి గనుక క్లోరిన్ కలపరు. ఎండాకాలమైనా చలికాలమైనా నీటి వేడి 22 నుంచి 24 డిగ్రీలే. మన ఊళ్ళల్లో బావి నీళ్ళు ఎండాకాలం చల్లగా, చలికాలం గోరువెచ్చగా అనిపించేవి చూడండి, అదే సంగతి.

మన ఆడవాళ్ళు చాలామంది మెట్ల మీద కూర్చుని కాళ్ళు తడుపుకుని వచ్చేస్తారు. బట్టల సంగతి తేలక! చీరగానీ చుడీదార్‌గానీ నీళ్ళలో బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటాయి, అంత లోతులో అది ప్రమాదం. చేతులూ కాళ్ళూ నిండా కప్పే ఈత దుస్తులు ఇప్పుడు దొరుకుతున్నాయి, మొహమాటపడక్కర్లేదు. ఈత రానివాళ్ళకూ పిల్లలకూ లైఫ్ జాకెట్ తప్పనిసరి, ఎందుకంటే అక్కడ కాపలా ఈతగాళ్ళుండరు. మెట్లు పాచిపట్టి జారతాయి. తలకి నూనె పెట్టుకుని మాత్రం దిగకండి, ముందు స్నానం చేసి దిగండి. అవి చేపలుండే నీళ్ళు.

ఇక వంట. ఎడారి గాలికి పొయ్యి ఆరిపోతుంటుంది గనుక అక్కడ వండే పని ఎంత తగ్గించుకుంటే అంత సుఖం. మొదటి రోజుకి చింతపండు పులిహోర. పెరుగన్నం ఐసుపెట్టెలో పెట్టి ఆ పూటే తినేయాలి. చపాతీ పిండి నీళ్ళకి బదులు పాలతో కలిపితే మర్నాటికీ మెత్తగా ఉంటాయి, అయితే అవీ ఐసుపెట్టెలోనే ఉండాలి. రెండో రోజుకి నేను చేసేది అటుకులు. ఇంట్లోనే వేరుశనగపప్పు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు వేసి, ఉప్పూ పసుపూ కలిపి సీసాలో పోసుకుంటాను. అక్కడ అటుకులు తడిపి, నిమ్మకాయ పిండి, ఆ పోపు కలిపేస్తే పది నిమిషాల్లో టిఫిన్. మజ్జిగ, మంచినీళ్ళు అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి. పొడిగాలికి దాహం తెలియకుండానే ఒళ్ళు ఎండిపోతుంది.

రాత్రి తినే వస్తువులన్నీ కారులో పెట్టి తాళం వేయాలి, వాసనకి జంతువులొస్తాయి. చెప్పులు దులపకుండా వేసుకోవద్దు, తేళ్ళుంటాయి. పగలు మాడిపోయినా తెల్లవారుజామున దుప్పటి కావాలి. చీకటి పడ్డాక ఆకాశం మాత్రం చూసి తీరాలి. అక్కడికి గంట లోపు దూరంలో డేవిస్ కొండల మీద మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీ కట్టారంటే ఆ చీకటి కోసమే.

ఇంత రాశాక, ఆ దారిలోనే ఉన్న ఇంకో ఊరి సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. బాల్మొరేకి యాభై మైళ్ళ ముందు ఫోర్ట్ స్టాక్టన్ వస్తుంది. అక్కడా ఇలాంటి ఊటలే, కొమాంచీ ఊటలు. ఆరువేల ఎకరాలకు పైగా పొలాలు వాటిమీద పండేవి. 1950ల్లో ఊరికి పడమట కొందరు పెద్ద రైతులు బోర్లు వేసి మోటార్లు పెట్టారు. ఊటలు తగ్గుతున్నాయని కింది రైతులు కోర్టుకెళ్ళారు. ఎవరి భూమి కింద నీళ్ళు వాళ్ళవేనని 1954లో తీర్పొచ్చింది. 1961కల్లా ఊటలు ఆగిపోయాయి. 1986 తర్వాత, మోటార్లు ఆపిన కొన్ని చలికాలాల్లో కాస్త ఊరినా, పొలాలకు పారే నీళ్ళు మళ్ళీ రాలేదు.

మా అత్తగారిది అనంతపురం జిల్లా. ఆవిణ్ణి తీసుకెళ్ళినప్పుడు ఈ కథ విని, "ఈడ గూడా బోర్లేనా!" అన్నారు. ఇంకేం అడగలేదు. వాళ్ళ తోటలో బావి ఎండిపోవడం ఆవిడ కళ్ళారా చూశారు.

కొమాంచీ ఊటల పేరే పెట్టిన చిన్న చేప ఒకటుంది. ఫోర్ట్ స్టాక్టన్‌లో అది అంతరించిపోయింది. ఇప్పుడు బాల్మొరే పరిసరాల్లోనే మిగిలింది. దాని కోసం పార్కులో చిన్న చిత్తడి మడుగు కూడా కట్టారు. ఆ నీళ్ళన్నీ చుట్టూ ఉన్న భూముల అడుగునుంచే రావాలి. 2016లో ఆ దగ్గరే పెద్ద చమురు నిక్షేపం దొరికిందని ప్రకటించారు. చమురు బావులకూ నీళ్ళు కావాలి కదా! ఊటల గురించి అక్కడివాళ్ళకు బెంగ ఊరికే పట్టుకోలేదు.

బయల్దేరే ముందు కొలను తెరిచి ఉందో లేదో తప్పకుండా కనుక్కోండి. 2018 మే నెలలో ఏటా చేసే శుభ్రతలో గోడ కింది భాగం కూలిందని బయటపడి, 2019 మార్చి దాకా మూసేశారు. గుడారం చోటు కూడా ముందే బుక్ చేసుకోవాలి. తిరుగు ప్రయాణంలో ఫోర్ట్ స్టాక్టన్‌లో ఓ అరగంట ఆగండి. ఊటలుండే చోటు రూనీ పార్కులో ఉంది, పిల్లల్ని కూడా దింపి చూపించండి.